ఉత్త నీళ్లలో పీక్: ఒక ఫైబర్ సెన్సర్ కేస్ స్టడీ

"అన్నా, డాట్స్ వెయ్యకముందే పీక్ వస్తోంది."

మా జూనియర్ అమ్మాయి ఈ మాట అన్నప్పుడు నేను పెద్దగా పట్టించుకోలేదు. ట్యూబ్ సరిగ్గా కడిగి ఉండవులే అన్నాను. ఆమె ఏమీ అనకుండా కొత్త ట్యూబ్ తీసింది, సీల్ విప్పని సీసాలోంచి నీళ్లు పోసింది, ఫైబర్ (వెలుగుని మోసే సన్నటి గాజు దారం) పాత కొనని కోసిపారేసి కొత్తగా క్లీవ్ చేసింది, అంటే నున్నగా విరిచింది. పీక్ కదల్లేదు. వెలుగుని రంగులవారీగా చూపే గ్రాఫ్‌లో 650 నానోమీటర్ల దగ్గర, అంటే ఎరుపులో, చిన్నదే అయినా పొందిగ్గా, గంట ఆకారంలో నిలబడి ఉంది. అంతకుముందు రెండు వారాలుగా "ఇవిగో మీ క్వాంటమ్ డాట్స్ (లేజర్ పడితే వెలిగే నానోక్రిస్టల్స్)" అని క్లయింటుకి మేం పంపుతున్న గ్రాఫుల్లో కూడా పీక్ ఇంచుమించు అక్కడే ఉంది.

ఈ కేసు రాయడానికి కారణం ఆ పీకే. నానోక్రిస్టల్‌ని వెలిగించడం కష్టం కాదు, ఆ వెలుగుని ఫైబర్‌తో పట్టడమూ కష్టం కాదు. పట్టిన వెలుగు క్రిస్టల్ నుంచే వచ్చిందని నమ్మకంగా చెప్పగలగడం దగ్గరే మాకు నెలలు పట్టాయి.

పని ఏంటి

ఒక డయాగ్నస్టిక్స్ సంస్థకి రీడర్ కావాలి. వాళ్ల పరీక్షలో యాంటీబాడీకి మామూలు రంగుకి బదులు వెలిగే నానోక్రిస్టల్ తగిలిస్తారు. శాంపిల్‌లో వెతుకుతున్న ప్రోటీన్ ఎంత ఉంటే, కడిగాక అన్ని క్రిస్టల్స్ మిగులుతాయి. పెద్ద ప్లేట్ రీడర్ అక్కర్లేకుండా, 200 మైక్రోలీటర్ల చుక్కలో ఫైబర్ కొన ముంచితే లెక్క వచ్చేయాలన్నది వాళ్ల కోరిక. కింది హద్దు పికోమోలార్ (లీటరుకి ఒక మోల్‌లో లక్ష కోట్లో వంతు) అన్నారు.

పికోమోలార్ అంటే ఎంతో ముందే ఒక కాగితం మీద లెక్క వేసుకుని ఉంటే ఈ కథ సగానికి తగ్గేది. ఒక మైక్రోలీటర్‌లో 6 లక్షల డాట్స్. వినడానికి బాగానే ఉంది. కానీ 200 మైక్రాన్ల ఫైబర్ కొన ముందు అర మిల్లీమీటరు మేర వెలుగు బాగా తగిలే జాగాని తీసుకుంటే, అది మైక్రోలీటర్‌లో అరవయ్యో వంతు. అంటే ఏ క్షణంలోనైనా ఫైబర్‌కి కనబడేది ఓ 10 వేల డాట్స్. పోనీ అదీ తక్కువేం కాదు. అదే జాగాలో నీళ్లు కూడా ఉన్నాయిగా, వాటి సంగతేంటి? పికోమోలార్ దగ్గర ఒక్కో డాట్‌కి 55 లక్షల కోట్ల నీటి అణువులు. ఈ రెండో లెక్క మేం వెయ్యలేదు.

మొదటి సెటప్

క్లయింటు ఇచ్చినవి కాడ్మియం సెలెనైడ్ డాట్స్. పైన జింక్ సల్ఫైడ్ పెంకు, దాని మీద నీళ్లలో కరిగేలా పాలిమర్ పూత, ఉద్గారం 655 నానోమీటర్లలో. క్వాంటమ్ డాట్ రంగు దాని సైజుని బట్టి ఉంటుందని ఇప్పుడు బడిపిల్లలూ చదువుతున్నారు. 1980ల మొదట్లో రంగు గాజులో ఎకిమోవ్, ద్రావణంలో బ్రూస్ ఈ సంగతి గమనించారు. సైజు చేతికి లొంగేలా తయారుచేసే పద్ధతిని 1993లో బావెండి బృందం చూపించింది. ముగ్గురికీ కలిపి 2023లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. మా వరకు వస్తే, క్లయింటు ఆ డాట్స్ ఎంచుకోవడానికి కారణం అవి చాలా ప్రకాశంగా ఉండటం. 532 నానోమీటర్ల పచ్చ లేజర్ ఎంచుకోవడానికి మా కారణం అది అప్పటికే మా సొరుగులో ఉండటం. ఇలాంటి కారణాలతో తీసుకున్న నిర్ణయాలే తర్వాత ఖరీదవుతాయి.

అమరిక మామూలుదే. లేజర్ వెలుగు డైక్రోయిక్ అద్దం (కొన్ని రంగుల్ని తిప్పి, మిగతావాటిని దాటనిచ్చేది) మీద తిరిగి, లెన్సులోంచి ఫైబర్‌లోకి పోతుంది. కొన దగ్గర డాట్స్ వెలిగి, ఆ వెలుగులో కొంత అదే ఫైబర్‌లో వెనక్కి వస్తుంది. డైక్రోయిక్, లేజర్ రంగుని ఆపేసి ఎర్రవైపుని వదిలే లాంగ్‌పాస్ ఫిల్టర్ దాటి, రంగుల్ని విడదీసి కొలిచే స్పెక్ట్రోమీటర్‌లో పడుతుంది. పోవడానికీ రావడానికీ ఒకే ఫైబర్ కాబట్టి కొన సన్నగా ఉంటుంది, ఎంత ఇరుకు ట్యూబులోకైనా దిగుతుంది.

ఇక్కడే న్యూమరికల్ అపర్చర్ గురించి, అంటే ఫైబర్ ఎంత వెడల్పు శంకువులోంచి వెలుగు తీసుకోగలదో చెప్పే అంకె గురించి, ఒక మాట. కొత్తవాళ్లు దీన్ని కేటలాగులో ఒక అంకెగా చూసి వదిలేస్తారు. డాట్ అన్ని దిక్కులకీ వెలుగుతుంది, ఫైబర్ తన శంకువులో పడ్డదాన్నే తీసుకుంటుంది. 0.22 అపర్చర్ ఉన్న ఫైబర్ నీళ్లలో ఉంటే, కొనకి ఆనుకుని ఉన్న డాట్ వెలుగులో అది అందుకునేది 0.7 శాతం. 0.50 ఉన్నది వాడితే 3.7 శాతం. అయిదు రెట్లు ఊరికే వస్తున్నాయి కదా అని 0.50 కొనేశాం. ఆ ఫైబర్‌కి క్లాడింగ్, అంటే వెలుగు నడిచే కోర్ చుట్టూ ఉండే పొర, గాజు కాదు, పాలిమర్. దాని ప్రతాపం తర్వాత చూశాం.

మొదటి రెండు వారాలు పండగలా గడిచాయి. నానోమోలార్ నుంచి కిందికి పదేసి రెట్లు పలచన చేస్తూ పోతే గ్రాఫ్ గీత గీసినట్టు దిగింది. కొన్ని పికోమోలార్ల దగ్గరికి వచ్చేసరికి గీత కిందికి దిగడం మానేసి అడ్డంగా పడుకుంది. "అదే మన డిటెక్షన్ లిమిట్, ఇంకాస్త తోమితే దిగుతుంది" అనుకున్నాం. ఇంకో సూచన కూడా కళ్లెదురుగానే ఉంది. ద్రావణం చిక్కగా ఉన్నప్పుడు పీక్ 655 దగ్గర ఉంటే, పలచన అయ్యేకొద్దీ 651 వైపు జరిగింది. దాన్ని స్పెక్ట్రోమీటర్ కాలిబ్రేషన్ మీదకి తోసేశాను. నాలుగు నానోమీటర్లేగా అన్నాను. డాట్స్ పలచన చేస్తే వాటి రంగు మారదు. ఆ సంగతి నాకు తెలుసు, అయినా అన్నాను.

నీళ్లు చేసిన పని

ఆ అమ్మాయి బ్లాంక్‌లో, అంటే డాట్స్ లేని ఉత్త నీళ్లలో, పీక్ చూపించాక మాకు మిగిలింది ముగ్గురు అనుమానితులు: మిగిలిపోయిన డాట్స్, ఫైబర్, నీళ్లు. మొదటి పరీక్షకి పది సెకన్లు చాలు. కొనని నీళ్లలోంచి గాల్లోకి ఎత్తాం. పదునైన పీక్ మాయమైంది. కానీ దాని కింద, అదే 650 చుట్టూ, వెడల్పాటి మంద్రమైన దిబ్బ ఒకటి ఉండిపోయింది. అంటే దొంగలు ఇద్దరు.

రెండో పరీక్షకి 532 తీసి 520 లేజర్ డయోడ్ పెట్టాం. నిజంగా డాట్స్ వెలుగే అయితే లేజర్ రంగు మారినా పీక్ ఉన్నచోటే ఉండాలి. బ్లాంక్ పీక్ 632కి జరిగింది. అక్కడికే సగం తేలిపోయింది. లేజర్ జరిగితే తనూ జరిగేది ఒక్కటే, రామన్ పరిక్షేపం.

నీటి అణువులోని ఆక్సిజన్, హైడ్రోజన్ బంధం సాగుతూ ముడుచుకుంటూ ఉంటుంది. ఒక ఫోటాన్ ఆ బంధానికి కొంత శక్తి ఇచ్చి, అంతమేరకు ఎర్రబడి బయటికొస్తుంది. ఆ తేడా 3400 వేవ్‌నంబర్ల (సెంటీమీటరుకి ఎన్ని తరంగాలో చెప్పే, శక్తికి కొలతగా వాడే అంకె) దగ్గర ఉంటుంది. 532 ఫోటాన్ శక్తిలోంచి అంత తీసేస్తే వచ్చేది సరిగ్గా 650. 520 నుంచి తీసేస్తే 632. పైగా నీటి పట్టీ సన్నగా కూడా ఉండదు, హైడ్రోజన్ బంధాల వల్ల విస్తరించి 637 నుంచి 658 దాకా పరుచుకుంటుంది. వెడల్పులో కూడా క్వాంటమ్ డాట్ పీక్‌కి కవల పిల్లలా ఉంటుంది. ప్రపంచంలో ఉన్న లేజర్లలో 532, ఉన్న డాట్స్‌లో 655 ఎంచుకుని, ఆ రెంటికీ నీళ్లతో పెళ్లి చేశాం మేం.

విశాఖపట్నంలో బడికెళ్లి చదువుకున్న సి.వి.రామన్ 1928 ఫిబ్రవరి 28న ఈ వెలుగుని గుర్తించారు. ప్రతి ఏటా ఆ రోజున సైన్స్ డే పోస్టర్లు మేమూ అతికిస్తాం. అతికించిన గోడ కిందే కూర్చుని రెండు వారాలు ఆయన వెలుగునే డాట్స్ అనుకున్నాం.

ఒక్క నీటి అణువు ఇచ్చే రామన్ వెలుగు లెక్కలోకే రాదు. ఒక డాట్ వెలుగుతో పోలిస్తే పదమూడు సున్నాల మేర బలహీనం. కానీ పైన చెప్పిన 55 లక్షల కోట్ల అణువుల్ని గుర్తుచేసుకోండి. పికోమోలార్ చుట్టుపక్కల ఈ రెండూ సమఉజ్జీలు. అందుకే మా గీత అక్కడే పడుకుంది. ఎంత తోమినా దిగదు.

ఖాయం చేసుకోవడానికి మూడో పరీక్ష కూడా చేశాం. ఇది అవసరం లేదు, ముచ్చట పడి చేశాం. పక్క డిపార్ట్‌మెంట్‌లో ఎన్ఎంఆర్ (అణువుల్ని అయస్కాంతంతో పరీక్షించే యంత్రం) వాడే మిత్రుణ్ణి అడిగి కొంచెం భారజలం తెచ్చుకున్నాం. మన మణుగూరు ప్లాంటులో రియాక్టర్ల కోసం తయారయ్యేది ఇదే పదార్థం. అందులో హైడ్రోజన్‌కి బదులు రెండింతల బరువున్న డ్యుటీరియం ఉంటుంది కాబట్టి బంధం నెమ్మదిగా కంపిస్తుంది, తేడా 2500 వేవ్‌నంబర్లకి తగ్గుతుంది. లెక్క ప్రకారం పీక్ 614కి రావాలి. ట్యూబులో భారజలం పోసి, కొన ముంచి, ఎంటర్ నొక్కాం. 650 దగ్గర గంట లేదు. 614 దగ్గర లేచింది. ఆ అమ్మాయి చప్పట్లు కొట్టింది. నేను క్లయింటుకి రాయాల్సిన ఈమెయిల్ గురించి ఆలోచిస్తున్నాను.

ఇంటిదొంగ

గాల్లో ఎత్తినా పోని దిబ్బ సంగతి మిగిలింది. లేజర్ మార్చినా అది కదల్లేదు, కాబట్టి రామన్ కాదు. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఫైబర్ విషయంలో అది అక్షరాలా నిజం. సిలికాని కరిగించి దారంలా లాగేటప్పుడు కొన్ని సిలికాన్, ఆక్సిజన్ బంధాలు తెగి, ఆక్సిజన్ ఒంటరిగా వేలాడుతూ మిగిలిపోతుంది. ఆ లోపాలు 650 చుట్టూ ఎర్రగా, వెడల్పుగా వెలుగుతాయి. మీటర్ల పొడవు ఫైబర్‌లో అడుగడుగునా కాస్త కాస్త పోగవుతుంది. డాట్స్ ఉండేది ఆఖరి అర మిల్లీమీటరులో. దొంగలు ఉండేది దారి పొడవునా.

విరుగుడు సాదాసీదాది: ఫైబర్ పొట్టిగా చేయడం. అయిదు మీటర్ల ప్యాచ్‌కార్డ్ (కనెక్టర్లు బిగించిన ఫైబర్) తీసేసి ఒక మీటరుది పెట్టాం. దిబ్బ చాలావరకు కుంగింది. సిలికా సొంత రామన్ కూడా దాంతోపాటే తగ్గింది. 'ల్యాబ్‌లో టేబుల్ దూరంగా ఉంది, పొడుగు ఫైబర్ ఉంటే హాయి' అనుకుని మొదట అయిదు మీటర్లది కొన్నది నేనే.

405కి మారాం

655 డాట్స్ ఊదా రంగుని ఆకుపచ్చకన్నా రెండున్నర రెట్లకి పైగా బాగా పీల్చుకుంటాయి. 405 నానోమీటర్ల ఊదా లేజర్‌తో నీటి రామన్ 470 దగ్గర పడుతుంది, డాట్స్‌కి ఆమడ దూరం. రెండు లాభాలూ ఒకే మార్పుతో వస్తున్నాయి. మార్చగానే పికోమోలార్ గీత మళ్లీ దిగడం మొదలుపెట్టింది.

ఆ 470 పీక్‌ని ఈసారి ఫిల్టర్‌తో చంపెయ్యలేదు. దొంగ చేతికి తాళాలు ఇచ్చినట్టు దాన్నే కాపలా పెట్టాం. నీటి సాంద్రత ఎప్పుడూ ఒకటే కాబట్టి, ఆ పీక్ ఎత్తు పడిపోయిందంటే లేజర్ తగ్గిందనో, లేజర్ ఫైబర్‌లోకి పడే చోటు పక్కకి తప్పిందనో, కొన విరిగిందనో అర్థం. డాట్స్ పీక్‌ని నీటి పీక్‌తో భాగించి రాసుకుంటే రోజురోజుకీ వచ్చే తేడాలు చాలావరకు పోతాయి. ఈ కేసులో నాకు బాగా నచ్చిన భాగం ఇదే.

కానీ 405 ఊరుకునే రంగు కాదు. దాని కింద జిగురు వెలుగుతుంది, ప్లాస్టిక్ వెలుగుతుంది, అక్రిలేట్ కోటింగ్ వెలుగుతుంది. 0.50 అపర్చర్ కోసం కొన్న ఫైబర్ పాలిమర్ క్లాడింగ్ అయితే చెప్పనక్కర్లేదు. ఫెరూల్‌లో (కనెక్టర్ కొనలోని చిన్న గొట్టం) ఫైబర్‌ని పట్టి ఉంచే ఎపాక్సీ జిగురు పసుపుపచ్చగా వెలిగి, తోక 600 దాటి సాగింది. చివరికి ఆ అయిదు రెట్ల లాభం వదులుకుని 0.22 ఉన్న పూర్తి సిలికా ఫైబర్‌కి తిరిగొచ్చాం. కొన దగ్గర కోటింగ్ రెండు సెంటీమీటర్లు ఒలిచేశాం. ఎపాక్సీ కొద్దిగానే వాడి, ఫైబర్ ముఖం మీదకి పాకకుండా చూసుకున్నాం. సిగ్నల్ తగ్గింది, నేపథ్యం, అంటే డాట్స్‌ది కాని వెలుగు, అంతకన్నా ఎక్కువ తగ్గింది.

ఇది క్లయింటుకి అర్థం చేయించడానికి ఒక మీటింగ్ పట్టింది. "బ్లాంక్ తీసేస్తే సరిపోతుంది కదా సార్" అన్నారు. తీసివెయ్యొచ్చు. కానీ వెలుగు కణాలుగా వస్తుంది, లెక్క ప్రతిసారీ కొంచెం ఊగుతుంది. బ్లాంక్‌లో 10 వేల కౌంట్లు ఉంటే, ఊగిసలాట దాని వర్గమూలం, అంటే 100. మూడింతలు దాటితేగానీ సిగ్నల్ అని ఒప్పుకోం కాబట్టి 300 కౌంట్ల కింద ఏదున్నా మునిగిపోతుంది. నేపథ్యం సగటుని తీసివెయ్యగలం, దాని వణుకుని తీసివెయ్యలేం.

మధ్యలో ఇంకో చిక్కు: కొన జ్ఞాపకం. చిక్కటి ద్రావణంలో ముంచి తీసిన ఫైబర్‌ని నీళ్లతో కడిగి బ్లాంక్‌లో పెడితే డాట్స్ పీక్, ఈసారి నిజమైన పీక్, కనబడుతూనే ఉంది. చీకట్లో 365 టార్చ్ వేసి భూతద్దంతో చూస్తే, ఆవగింజలో ఎనిమిదో వంతు ఉండే ఆ కొన మీద ఎర్రటి చుక్క. డాట్స్ గాజుకి అంటుకుని కూర్చున్నాయి. అప్పటినుంచి మా దగ్గర రెండు అలవాట్లు: కాలిబ్రేషన్ ఎప్పుడూ పలచనదాని నుంచి చిక్కటిదానికే, అనుమానం వస్తే కొన కోసిపారెయ్యడమే. అన్నట్టు, అవి కాడ్మియం ముక్కలు. కడిగిన నీళ్లు సింక్‌లో పోయరు, వేరే సీసాలో పోగేసి ప్రమాదకర వ్యర్థాల కింద పంపాలి.

ప్లాస్మా వచ్చింది, అంతా పోయింది

బఫర్‌లో (పరీక్షకి వాడే ఉప్పు ద్రావణం) అంతా బాగుందని చెప్పాక క్లయింటు అసలు శాంపిల్స్ పంపారు. మనిషి రక్తం నుంచి తీసిన ప్లాస్మా. 405 కింద ప్లాస్మా మొత్తం దీపంలా వెలిగింది. బిలిరుబిన్, ఫ్లావిన్లు, ప్రోటీన్లు అన్నీ తలో చెయ్యి వేశాయి. పోర్ఫిరిన్లకి 405 అంటే ప్రాణం, అవి 630 దాటి ఎర్రగా వెలుగుతాయి. పైగా ఒక మనిషి ప్లాస్మా ఇంకో మనిషిదిలా ఉండదు, కాబట్టి బ్లాంక్ అనేదే లేకుండా పోయింది. ఎవరి ప్లాస్మాకి వాళ్లదే బ్లాంక్.

ఇక డాట్స్ వదిలెయ్యాల్సి వచ్చింది. లేజర్ ఆర్పాక వాటి వెలుగు ఓ 20 నానోసెకన్లలో ఆరిపోతుంది, ప్లాస్మా వెలుగు కూడా ఇంచుమించు అంతలోనే. కాలం తేడాతో విడదియ్యాలంటే ఖరీదైన ఎలక్ట్రానిక్స్ కావాలి. రీడర్ బడ్జెట్ అది ఒప్పుకోదు.

మారింది అప్‌కన్వర్షన్ క్రిస్టల్స్‌కి. సోడియం యట్రియం ఫ్లోరైడ్ గింజలో యిటర్బియం, ఎర్బియం కలిపి ఉంటాయి. 980 నానోమీటర్ల కంటికి కనబడని వెలుగుని యిటర్బియం పీల్చి, రెండు విడతల శక్తిని ఎర్బియంకి అందిస్తుంది. అది 540 చుట్టూ పచ్చగా, 655 చుట్టూ ఎర్రగా వెలుగుతుంది. తక్కువ శక్తి ఫోటాన్లు తీసుకుని ఎక్కువ శక్తి ఫోటాన్ ఇవ్వడం రక్తంలో ఉన్న ఏ పదార్థమూ ఈ మోతాదు వెలుగులో చెయ్యదు. నీటి రామన్ 1470కి పోతుంది, మా సిలికాన్ డిటెక్టర్‌కి అక్కడ కళ్లే లేవు. ల్యాబుల్లో 980 కిరణం ఎక్కడుందో వెతకడానికి వాడే కార్డుల్లో కొన్నిటి మీద పచ్చగా వెలిగే పూత కూడా ఈ జాతిదే.

వెలుగులో మాత్రం ఇవి డాట్స్ ముందు దివిటీ ముందు దీపం. 25 నానోమీటర్ల గింజలో ఇరవై శాతం యిటర్బియం ఉందనుకుంటే 20 వేల పైచిలుకు అయాన్లు, అన్నీ కలిసి పీల్చేది ఒక డాట్ పీల్చేదాంట్లో నూరో వంతు. పీల్చినదాంట్లో బయటికిచ్చేది ఒక శాతం కూడా ఉండదు. పైగా నీళ్లలో పెడితే ఉపరితలం దగ్గర ఉన్న అయాన్ల శక్తిని నీటి కంపనాలు లాగేసుకుంటాయి, అందుకే పైన వట్టి పెంకు ఒకటి తొడిగిన గింజలు తీసుకోవాలి. ఇన్ని లోపాలున్నా గెలవడానికి కారణం ఒక్కటే, చుట్టూ చీకటి.

ఆ చీకటిలోనూ ఒకరోజు పీక్ వచ్చింది. ఉత్త ప్లాస్మా, 545 దగ్గర సన్నటి పచ్చ గీత. ఈసారి మాత్రం నేను ట్యూబ్ కడగమని అనలేదు. లేజర్ ఆపేశాను. పీక్ ఉంది. ట్యూబ్‌లైట్ ఆపేశాను. పోయింది. ఆ దీపాల పచ్చరంగు టెర్బియం ఫాస్ఫర్, పాదరసం గీతల నుంచి వస్తుంది, అది 543 నుంచి 546 మధ్య. కోటింగ్ ఒలిచిన ఆ రెండు సెంటీమీటర్ల లోంచి గది వెలుగు ఫైబర్‌లోకి దూరుతోంది. ట్యూబ్ చుట్టూ నల్లటి మూత పెట్టాం. అంతటితో ఆగకుండా, లేజర్‌ని పల్స్ చేసి, ఆపిన 20 మైక్రోసెకన్ల తర్వాతే లెక్కపెట్టడం మొదలుపెట్టాం. ఎర్బియం పచ్చ వెలుగు వంద మైక్రోసెకన్ల లెక్కలో నిలుస్తుంది, కాబట్టి ఈ పనికి చవక ఎలక్ట్రానిక్స్ చాలు. పక్కనున్నదంతా అప్పటికి ఆరిపోయి ఉంటుంది.

ఇది నిజంగా అప్‌కన్వర్షనేనా అని చూడ్డానికి పవర్ పరీక్ష ఉంది. లేజర్ రెట్టింపు చేస్తే సిగ్నల్ నాలుగింతలు కావాలి, రెండు ఫోటాన్ల పని కాబట్టి. లాగ్ గ్రాఫులో మా గీత వాలు 2కి దగ్గరగా వచ్చింది. అదే లక్షణం ఒక శిక్ష కూడా: లేజర్ ఒక శాతం ఊగితే సిగ్నల్ రెండు శాతం ఊగుతుంది. నీటి రామన్ కాపలాదారు ఇప్పుడు లేడు. లేజర్ పక్కన ఒక ఫోటోడయోడ్ పెట్టి ప్రతి పల్స్‌నీ కొలవాల్సి వచ్చింది.

వేడి

980కి నీళ్లంటే ఉన్న మోజు మాకు తెలుసు, కానీ అంచనా తక్కువ వేశాం. ఒక సెంటీమీటరు నీళ్లలో దాదాపు నలభై శాతం వెలుగు వేడిగా మారుతుంది. 200 మిల్లీవాట్లు నిరంతరంగా పంపితే 200 మైక్రోలీటర్ల చుక్క, బయటికి వేడి పోకపోతే, నిమిషానికి అయిదారు డిగ్రీలు ఎక్కుతుంది. యాంటీబాడీ పట్టు సడలడానికి అంతకంటే ఏం కావాలి?

దీన్ని కనిపెట్టింది థర్మామీటర్ కాదు, క్రిస్టలే. ఎర్బియం పచ్చలో రెండు పట్టీలు ఉంటాయి, 525 దగ్గర ఒకటి, 540 దగ్గర ఒకటి. అవి పక్కపక్కనే ఉన్న రెండు శక్తి స్థాయిల నుంచి వస్తాయి. వేడెక్కితే పై మెట్టు మీదకి ఎక్కేవాళ్లు పెరుగుతారు, 525 పట్టీ బలపడుతుంది. ఆ అమ్మాయి ఒకే శాంపిల్‌ని పది నిమిషాలు కొలిచి, రెండు పట్టీల నిష్పత్తి మెల్లగా పైకి పాకుతోందని స్క్రీన్ మీద వేలు పెట్టి చూపించింది. పల్సుల మధ్య విరామం పెంచాం. పాకడం ఆగింది. ఇప్పుడు ఆ నిష్పత్తి రీడర్‌లో ఉండిపోయింది, హద్దు దాటితే కొలత తిరస్కరిస్తుంది. విడిగా సెన్సర్ కొనే ఖర్చు మిగిలింది.

808 వాడొచ్చుగా అని అడగొచ్చు. నీళ్లు 808ని చాలా తక్కువగా పీలుస్తాయి. దానికి గింజలో నియోడిమియం కూడా కలపాలి, క్లయింటు దగ్గర అవి లేవు. అంతే సంగతి.

ఒక్క గింజ చూడొచ్చా

మీటింగుల్లో ఎవరో ఒకరు ఈ ప్రశ్న అడుగుతూనే ఉంటారు. చూడొచ్చు. 2013లో ఆస్ట్రేలియాలో మాక్వరీ, అడిలైడ్ విశ్వవిద్యాలయాల బృందం చూపించింది. మామూలుగా ఉత్తేజం అందుకునే అయాన్లు ఎక్కువైతే ఒకదానివల్ల ఒకటి ఆరిపోతాయి కాబట్టి ఎర్బియంలాగే వెలిగే థూలియంని 0.5 శాతం దగ్గరే ఆపుతారు. వాళ్లు దాన్ని 8 శాతానికి పెంచి, వెలుగు తీవ్రత బాగా ఎక్కువ చేస్తే ఆ ఆరిపోవడం తగ్గుతుందని, వెలుగు 70 రెట్ల వరకు పెరుగుతుందని చూపించారు. ఆ తీవ్రత రావడానికి వాడింది గాలి రంధ్రాల మధ్య సన్నటి కోర్ వేలాడే ఫైబర్. ద్రవం ఆ రంధ్రాల్లోకి తనంతట తనే పాకుతుంది, గింజ కోర్ పక్కనే వచ్చి నిలుస్తుంది. అలా ముంచిన ఫైబర్‌లో ఒకే ఒక్క నానోక్రిస్టల్‌ని దూరం నుంచి గమనించగలిగారు.

మా 200 మైక్రాన్ల కోర్‌లో 200 మిల్లీవాట్లు పెడితే చదరపు సెంటీమీటరుకి 640 వాట్లు. అదే వెలుగుని రెండు మైక్రాన్ల కోర్‌లో నొక్కిపెడితే పది వేల రెట్లు. తేడా అక్కడుంది. కానీ ఆ ఫైబర్‌ని ప్రతి శాంపిల్‌కీ ఒకటి పారేసే ధరలో ఇవ్వలేం, జిల్లా ల్యాబ్‌లో ఎవరూ రెండు మైక్రాన్ల కోర్‌లోకి లేజర్‌ని అలైన్ చేస్తూ కూర్చోరు. క్లయింటుకి ఒక్క గింజ అక్కర్లేదు కూడా, వాళ్ల ప్రోటీన్ దానికి ఎన్నో రెట్లు పైనే ఉంటుంది.

ఇచ్చింది ఏంటి

చివరికి రీడర్‌లో ఉన్నది: 980 డయోడ్, దాని పక్కన ఫోటోడయోడ్, 0.22 సిలికా ఫైబర్ ఒక మీటరు, నల్లటి మూత, పచ్చ పట్టీకి ఫిల్టర్లతో రెండు డిటెక్టర్లు. స్పెక్ట్రోమీటర్ తీసేశాం. అయితే అభివృద్ధి దశలో స్పెక్ట్రోమీటర్ లేకుండా మొదలుపెట్టి ఉంటే, ఉత్త ఫిల్టర్, డిటెక్టర్‌తో, 651కి జరిగిన ఆ పీక్ ఎప్పటికీ కనబడేది కాదు. అంకె ఒకటి వచ్చేది, దాన్ని నమ్మేసేవాళ్లం. ఆ అంకె మీద ఎవరి రిపోర్టో వెళ్లేది.

డ్రాఫ్ట్ స్పెసిఫికేషన్‌లో నేను బలవంతంగా పెట్టించిన ఒక వరుస ఉంది: ప్రతి ఉదయం మొదటి కొలత లేజర్ ఆపి, రెండోది లేజర్ వేసి కొన గాల్లో, మూడోది ఉత్త నీళ్లలో, నాలుగోది క్రిస్టల్స్ లేని ప్లాస్మాలో. నాలుగూ హద్దులో ఉంటేనే యంత్రం రోగి శాంపిల్ తీసుకుంటుంది. మొత్తం మూడు నిమిషాలు. వాడేవాళ్లకి ఇది చికాకని, తీసెయ్యమని క్లయింటు రెండుసార్లు అడిగారు. ఇంకా తియ్యలేదు.

ప్రస్తుతం తేలనిది కొన. ప్రతి శాంపిల్‌కీ కొత్త కొన కావాలంటే, మీటరు ఫైబర్ చివర అయిదు సెంటీమీటర్ల ముక్కని మార్చుకునేలా ఒక జాయింట్ కావాలి. ప్రతి జాయింట్‌లోనూ కొంత వెలుగు పోతుంది, ఒక్కోసారి ఒక్కోలా పోతుంది, సిగ్నల్ మీద దాని దెబ్బ వర్గం (స్క్వేర్) లెక్కన పడుతుంది. గత వారం ఇరవై ముక్కలు మార్చి మార్చి ఒకే ద్రావణాన్ని కొలిచాం. ఆ ఇరవై అంకెలూ మా బోర్డు మీద ఉన్నాయి, ఇంకా ఒకదానికొకటి సరిపడటం లేదు.